గీసింది నువ్వే, మరి ప్రింటు ఎవరిది?

మన పూజగదుల్లో కనిపించే లక్ష్మీ, సరస్వతుల పటాల్లో చాలావాటికి మూలం రాజా రవివర్మ బొమ్మలే. ఆయన 1894లో బొంబాయిలో సొంతంగా లితో ప్రెస్ పెట్టించి, తన బొమ్మల్ని రంగుల్లో అచ్చేయించి అమ్మారు. రాజుల గోడల మీదుండే బొమ్మలు అలా మామూలు ఇళ్లకొచ్చాయి. అంటే ఆర్టిస్టు ప్రింట్లు అమ్ముకోవడం ఇవాళ్టి సంగతేం కాదు.

మరి ఆర్డర్ మీద గీసిచ్చిన బొమ్మ సంగతేంటి? మా బాబాయి కూతురు ఈమధ్య ఒక సంస్థ క్యాలెండర్ కోసం 12 పెయింటింగులు వేసిచ్చింది. డబ్బులు సరిగ్గానే ఇచ్చారు. అవే బొమ్మల్ని ప్రింట్లు తీసి స్టాల్‌లో అమ్ముకుంటానంటే మాత్రం "కుదరదమ్మా, అవి మావి" అన్నారట. "గీసింది నేను కదన్నయ్యా, వాళ్లవెలా అవుతాయి?" అని దాని కోపం.

కోపం న్యాయమైనదే. చట్టం మాత్రం వేరేలా ఉంది. మన కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 17 ప్రకారం బొమ్మకి మొదటి హక్కుదారు గీసినవాళ్లే. కానీ దాని కిందే ఒక మినహాయింపు ఉంది. ఎవరైనా డబ్బిచ్చి, అడిగి మరీ చేయించుకున్న ఫొటో, పెయింటింగ్, పోర్ట్రెయిట్ లాంటివైతే, వేరే ఒప్పందం లేనప్పుడు మొదటి హక్కుదారు ఆ డబ్బిచ్చినవాళ్లే. కంప్యూటర్ మీద వేసిన ఇలస్ట్రేషన్ 'పెయింటింగ్' కిందకి వస్తుందా రాదా అని లాయర్లు వాదించుకోవచ్చు. ఆ వాదన తేలేలోపు క్యాలెండర్లు నాలుగు మారిపోతాయి.

అదే ఎగ్జిబిషన్‌లో ఆర్టిస్టు తనంతట తాను గీసి పెట్టిన బొమ్మ మీరు కొన్నారనుకోండి. మీకొచ్చేది ఆ కాన్వాసు మాత్రమే. దాన్ని అచ్చేసి అమ్మే హక్కు ఆర్టిస్టు దగ్గరే ఉంటుంది. అమెరికాలోనైతే, బయటి ఆర్టిస్టుతో వేయించుకున్న పెయింటింగు మీద కూడా కాపీరైట్ మామూలుగా ఆర్టిస్టుదే. రాసిస్తే తప్ప చేతులు మారదు. ఆన్‌లైన్‌లో అక్కడి సలహాలు చదివి ఇక్కడ ధీమాగా ఉంటే ఇబ్బందే.

ఆఫీసులో నేను రాసే కోడ్ కూడా నాది కాదు, కంపెనీది. ఉద్యోగంలో భాగంగా చేసినదానికి అదే సెక్షన్‌లో ఇంకో మినహాయింపు ఉంది. కాకపోతే బదులుగా నాకు ఒకటో తారీఖున జీతం, పీఎఫ్, ఇన్సూరెన్స్ వస్తాయి. మా చెల్లికి ఇవేవీ లేవు. ఒక్కసారి ఇచ్చే డబ్బుకి బొమ్మతో పాటు దాని మీద రేపటి సంపాదన కూడా పోతోంది. నాకు అన్యాయంగా అనిపించేది ఇదే.

అలాగని సంస్థవాళ్లని విలన్లు చేయక్కర్లేదు. తమ క్యాలెండర్ బొమ్మ అదే ఏడాది ఇంకోచోట అమ్ముడవుతుంటే ఎవరికైనా కష్టమే. దీనికి మందు 'వేరే ఒప్పందం లేనప్పుడు' అన్న మాటలోనే ఉంది. పని మొదలుపెట్టే ముందే రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టుకోవాలి: "కాపీరైట్ ఆర్టిస్టుదే. ఫలానా సంవత్సరం క్యాలెండర్‌కి వాడుకునే లైసెన్సు సంస్థది. ఆ ఏడాది అయ్యాక ఆర్టిస్టు ప్రింట్లు అమ్ముకోవచ్చు." లైసెన్సంటే ఇల్లు అద్దెకివ్వడం, హక్కు రాసివ్వడమంటే ఇల్లు అమ్మేయడం. కాగితంలో ఏది రాశారో చూసుకోవాలి. హక్కు రాసిచ్చినా గడువు వేయించుకోవాలి. గడువు రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగానే లెక్కేస్తుంది.

ఇంకో చిక్కుంది. బొమ్మలో సినిమా పాత్రో, కార్టూన్ పాత్రో ఉంటే క్లయింట్ ఒప్పుకున్నా చాలదు. ఆ పాత్ర హక్కుదారు క్లయింట్‌కిచ్చిన లైసెన్సు క్లయింట్ వరకే. ఆర్టిస్టు ప్రింట్లు వేయాలంటే విడిగా అనుమతి తెచ్చుకోవాల్సిందే.

అన్నీ పోయినా ఒకటి మాత్రం పోదు. సెక్షన్ 57 ప్రకారం ఇది నా పని అని చెప్పుకునే హక్కు, తన పరువు పోయేలా బొమ్మని పాడుచేస్తే అడిగే హక్కు కళాకారుడికి ఉంటాయి, కాపీరైట్ రాసిచ్చాక కూడా. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం ప్రభుత్వం శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేత చేయించుకున్న కుడ్యశిల్పాన్ని 1979లో పీకించి గోడౌన్లో పడేసింది. ఆయన కోర్టుకెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కల్ని ఆయనకి తిరిగిచ్చేయమని, 5 లక్షల పరిహారం కట్టమని చెప్పింది. డబ్బిచ్చినంత మాత్రాన ఏదైనా చేయొచ్చని కాదన్నమాట.

మా చెల్లి ఇప్పుడు సంస్థవాళ్లని అడగబోయేది ఒక్కటే: క్యాలెండర్ ఏడాది ముగిశాక ప్రింట్లకి రాతపూర్వకంగా అనుమతి. అమ్మకంలో కొంత వాటా వాళ్లకిస్తానంటోంది. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. కానీ తర్వాతి ఆర్డర్‌కి మాత్రం అడ్వాన్సు కంటే ముందు కాగితం అడుగుతుందట. బొమ్మలు వేసేవాళ్లు మీ ఇంట్లోనూ ఉంటే, ఈ మాట వాళ్ల చెవిన వేయండి.