అలెగ్జాండర్ ఖాళీ చేతులు



భూస్థాపన కూడికల్లో మన సేవకులు తరచూ చెప్పే కథ ఒకటుంది. అలెగ్జాండర్ చనిపోయేముందు, తన చేతులు రెండూ పెట్టె బయటికి కనబడేలా ఉంచమన్నాడట. ప్రపంచాన్ని గెలిచినవాడు ఖాళీ చేతులతో పోతున్నాడని జనం చూడాలట. నేనూ చాలాసార్లు చెప్పాను. ఇకమీదట చెప్పను. తోటి సేవకులారా, మీరూ మానండి.

ఆ కథ అరియన్ రాయలేదు, ప్లూటార్క్ రాయలేదు, కర్టియస్ రాయలేదు. క్రీ.పూ. 323లో, 33 ఏళ్ళు నిండకముందే, ఆయన బబులోనులో జబ్బుచేసి చనిపోయాడు. డయోడోరస్ రాసిన శవయాత్ర వేరు: బంగారు పెట్టె, రెండేళ్ళు పట్టి తయారైన బండి, దాన్ని లాగడానికి 64 కంచర గాడిదలు. ఆ శవాన్ని కూడా సేనాధిపతి టొలెమీ ఐగుప్తుకు పట్టుకుపోయాడు. ఖాళీ చేతులు ఎక్కడున్నాయి?

"కథైతే ఏంటి, నీతి మంచిదే కదా అయ్యగారూ" అంటారు. నాకు అలా అనిపించడం లేదు. ఆ ఒక్క మాటతో మనం ఆయన చేతులు కడిగేస్తున్నాం.

తూరు సంగతి చూడండి. క్రీ.పూ. 332. ద్వీపం మీది పట్టణం. మీ గుడిలో బలి అర్పిస్తానన్నాడు, వాళ్ళు లోపలికి రానివ్వలేదు. ఏడు నెలలు ముట్టడి వేసి, సముద్రంలో కట్ట పోయించి, పాత తూరు శిథిలాలతో పూడ్పించి లోపలికి వెళ్ళాడు. బానిసలుగా అమ్మినవారు 30,000 మంది అని అరియన్ లెక్క. 2,000 మందిని సముద్రపు ఒడ్డు పొడవునా సిలువ వేయించాడని కర్టియస్ రాశాడు. సిలువ అంటే ఏమిటో మనకు ఎవరూ వివరించక్కర్లేదు. అయినా అవి వేయించినవాణ్ణి మన ప్రసంగ పీఠం మీద జ్ఞానిగా నిలబెడుతున్నాం!

విజేతను మహావీరుణ్ణి చేసేది అతని కత్తి ఒక్కటే కాదు. చచ్చినవాళ్ళను లెక్కలోంచి తీసేసి, చంపినవాడి చివరి మాటలు కల్పించే మనలాంటి వాళ్ళం కూడా. దానియేలు 8వ అధ్యాయం చదవండి. పడమటినుండి నేల తాకకుండా వచ్చిన మేకపోతు, దాని పెద్ద కొమ్ము, అది బలంగా ఉన్నప్పుడే విరిగిపోవడం. గ్రేకుల రాజు అని దూత చెప్పాడు. పేరు మాత్రం చెప్పలేదు. మన ఊళ్ళలో పిల్లలకు ఆ పేరు తెలుసు. తూరులో ఒక్కరి పేరైనా మనకు తెలుసా? ఆ తూరు ప్రాంతానికే యేసు ప్రభువు వెళ్ళి, కూతురి కోసం బతిమాలిన ఒక తల్లి మాట విన్నాడు.

నేను ఆ కథ చివరిసారి చెప్పింది ఒక కూలితల్లి సమాధి దగ్గర. జీవితమంతా ఒకరి చేలో నాట్లు వేసిన మనిషి. బతికినన్నాళ్ళూ ఆమె చేతులు ఖాళీయే. ఆమె పెట్టె పక్కన నిలబడి, ఖాళీ చేతుల సంగతి ఒక రాజు నోట చెప్పించాను. ఆమె కూతురు నన్నే చూస్తూ ఉండిపోయింది. ఆమె ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వచ్చే వారం ఆ ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక. నిన్న వెళ్ళి, అమ్మ ఎవరెవరి చేలో పనిచేసింది, ఏ పాట పాడేది అని ఆ కూతుర్ని అడిగాను. నోటుబుక్కులో రెండు పేజీలు నిండాయి.