కంబళిని చూసి జాలిపడకండి

కార్తీకమాసపు ముసురులో మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరుల మీదుగా కుప్పం దాకా బస్సులో వెళ్ళి చూడండి. సుమారు 700 మీటర్ల ఎత్తునున్న నేల, చలి గజగజలాడిస్తుంది. చెరువుకట్ట మీద గొర్రెల కాపరి నల్లకంబళిని కొప్పెరగా కప్పుకుని నిలబడి ఉంటాడు. ‘‘పాపం, రెయిన్‌కోటు కొనుక్కోలేడు’’ అనుకుంటాం. ఆ జాలి అనవసరమంటాను నేను.

ప్లాస్టిక్ కోటు వానను ఆపుతుంది, నిజమే. కాని ఒంటి చెమట ఆవిరినీ ఆపుతుంది. పావుగంట గబగబా నడవండి, లోపలి చొక్కా తడిసిపోతుంది. 1823లో స్కాట్లాండులో మాకింటాష్ రెండు గుడ్డల నడుమ రబ్బరు పొర పెట్టి కోటుగుడ్డ చేసిననాటి నుంచీ ఈ తిప్పలున్నాయి.

ఉన్ని తీరు వేరు. ఉన్ని వెంట్రుక పైపొర నీటిబొట్టును అంటనివ్వదు. లోపలి భాగం మాత్రం ఆవిరిని పీల్చుకుంటుంది. తన బరువులో దాదాపు మూడోవంతు పీల్చుకున్నా చేతికి తడి తగలదు. పీల్చుకునేటప్పుడు కాస్త వేడి కూడా పుడుతుంది!

కంబళి నేసేవారు పోగులకు చింతగింజల గంజి పట్టిస్తారు. ఆ పూత వల్లనే నీరు జారిపోతుందని చాలామంది అంటారు. నాకు నమ్మకం లేదు. ఆ జిగురు నీటిని పీల్చి ఉబ్బే రకం. పోగులను అతికి, గుడ్డను బిరుసుగా చేసి, నేత సందులను ఇరుకు చేయడం దాని పని. నీటిని జార్చేది ఉన్నీ, దానికి అంటుకున్న గొర్రె కొవ్వూ. గంటలకొద్దీ జడివాన కురిస్తే కంబళీ నాని బరువెక్కుతుంది, అది దాచను.

ఈ ముతక ఉన్నికిప్పుడు ధర లేదు. కత్తిరించి పారేస్తున్న చోట్లున్నాయి. ఉన్నినిచ్చే దక్కనీ గొర్రెల స్థానంలో, ఉన్ని లేని నెల్లూరు జాతిని మాంసం కోసం పెంచుతున్నారు. అటు చూస్తే, కోట్లకు పూసే కొన్ని ఫ్లోరిన్ రసాయనాలు నేలలో, నీటిలో ఏళ్ళతరబడి చెక్కుచెదరవని తెలిసి, కాలిఫోర్నియా 2025 నుంచి కొత్త దుస్తుల్లో వాటిని నిషేధించింది. అక్కడ వెతుకుతున్నదాన్ని ఇక్కడ పెంటకుప్పలో వేస్తున్నాం.

మీ తాతగారి పాతకంబళిలోంచి అరచేతంత ముక్క అడగండి. బడిలోని త్రాసులో తూచి, వాలుగా పట్టుకుని చెంచాడు నీళ్ళు చుక్కలుగా పోసి, మళ్ళీ తూచండి. తరువాత వేడినీళ్ళలో నానబెడితే గంజి వదులుతుంది. ఆరబెట్టి మళ్ళీ పరీక్షించండి. చివరగా సబ్బునీళ్ళతో కొవ్వు వదిలించి ఇంకోసారి. ఏ ఉతుకు తరువాత ముక్క ఎక్కువ నీరు తాగింది? గంజి పోయాకనే అయితే నా వాదన తప్పు. ఉత్తరం రాయండి.