అరుంధతి కనిపించిందా?

పెళ్లిలో పురోహితుడు "అదిగో అరుంధతి" అంటాడు. వధూవరులు తలలూపుతారు. నిజంగా చూసినవాళ్లెందరు? ఫంక్షన్ హాలు లైట్లలో సప్తర్షులే కనబడరు, వశిష్ఠుడి పక్కనున్న ఆ చిన్న చుక్క ఎలా కనబడుతుంది?

ఇప్పుడు పిల్లల్ని కారెక్కించి, ఊరవతల చీకట్లో చుక్కలు చూపించడం కొత్త ముచ్చట. మంచిదే, కాదనను. కానీ ఇంటి దగ్గరి చీకటిని మనమే చెడగొట్టుకుని, దూరంగా వెళ్లి కొనుక్కోవడం ఏమిటండీ?

మన ఉస్మానియా యూనివర్సిటీనే చూడండి. 1901లో మొదలై, తర్వాత బేగంపేటకు మారిన నిజామియా అబ్జర్వేటరీ ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు లెక్కకట్టింది. అదే యూనివర్సిటీ 1968లో 48 అంగుళాల టెలిస్కోపును నగరానికి యాభై కిలోమీటర్ల అవతల రంగాపూర్‌లో పెట్టుకుంది. ఇప్పుడు నగరం అటూ పాకుతోంది. ఇంకెంత దూరం పారిపోతాం?

"లైట్లు తగ్గిస్తే ఆడవాళ్లకి భద్రతేదీ?" అంటారు. ఆడదాన్నే చెబుతున్నా, నాకు కావలసింది కాళ్ల ముందు వెలుగు, కళ్లలో పొడిచేది కాదు. పైకి పోయే కాంతి దుమ్ములో చెదిరి ఆకాశాన్ని కప్పేస్తుంది, ఎవరికీ దారి చూపదు. దీపానికి పైన మూత పెడితే, తక్కువ కరెంటుతోనే వీధికి చాలినంత వెలుగు.

తార్నాకలోనైనా, ముషీరాబాద్‌లోనైనా అపార్ట్‌మెంటు మీటింగులో నీళ్ల ట్యాంకరు గురించి గంటలు వాదిస్తాం. ఈసారి ఇదీ అడుగుదాం: రాత్రి పది దాటాక అలంకారం లైట్లు ఎవరి కోసం? డాబా మీంచి పాలపుంత కనబడకపోవచ్చు. సప్తర్షులైనా మన పిల్లలకి మిగలాలి కదా!