‘ఊట ఆయ్తా’ అంటే తిన్నట్టేనా?

బళ్ళారిలో ఎవరు ఎదురైనా ముందు వచ్చే మాట ‘ఊట ఆయ్తా?’. తిన్నా తినకపోయినా జవాబు ‘ఆయ్తు’. అది పలకరింపే గానీ లెక్క కాదు. అయితే ఆదోని, ఆలూరు, కోసిగి వైపు నుంచి కోడళ్లుగా, కూలీలుగా ఇటు వచ్చిన తెలుగు ఆడవాళ్ల తిండి లెక్క తీసేటప్పుడు ఈ పలకరింపు జవాబే కాగితం మీద అంకె అయి కూర్చునే ప్రమాదం ఉంది.

తిండి లెక్కకు ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. నిన్న ఒక్కరోజు ఏమేం తిన్నారో, ఎంతెంత తిన్నారో అడగడం ఒకటి. పాలు, పప్పు, ఆకుకూర, గుడ్డు రోజూ తింటారా, వారానికోసారా, ఎప్పుడో ఒకసారా అని జాబితా చదివి టిక్కు పెట్టడం రెండోది. అమెరికాలో నర్సుల మీద జరిగిన పెద్ద అధ్యయనంలో 1980లో 61 పదార్థాల జాబితా వాడారు. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనూ ఈ తరహా ప్రశ్న ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కింద 1972లో మొదలైన పర్యవేక్షణ బ్యూరో మాత్రం కొలత గిన్నెలు పట్టుకుని ఆంధ్ర, కర్ణాటక పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగింది. 2015లో అది మూతపడింది.

చారు వేరు, సారు వేరు

చిక్కంతా మాట దగ్గరే వస్తుంది. తెలుగింట్లో చారంటే చింతపండు, మిరియాలు, నీళ్లు. కన్నడింట్లో సారంటే చాలాచోట్ల పప్పు ఉడకబెట్టి చేసేది. ఆమె ‘చారు’ అంటుంది, రాసుకునేవారు ‘సారు’ అని వింటారు. పప్పు గడిలో టిక్కు పడిపోతుంది. అదే ‘పుండి పల్య తింటావా’ అని అడిగితే కొత్తగా వచ్చిన కోడలు ‘లేదక్కా’ అనొచ్చు. పుండి అంటే తాను తినే గోంగూరేనని ఆమెకు ఎవరు చెప్పాలి?

ఒక్క టిక్కుతో ఏమవుతుందిలే అనుకోవద్దు. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్ల తిండిని 10 రకాలుగా విడదీసింది. రోజులో కనీసం 5 రకాలు తింటేనే మేలు. 15 గ్రాముల లోపు తిన్నది లెక్కలోకి రాదు. ఓ కూలి మనిషి జొన్నరొట్టె, గోంగూర, టమాటా, కాస్త పెరుగు తిన్నదనుకుందాం. నాలుగే రకాలు. చారును పప్పు కింద రాస్తే ఐదయ్యాయి. అలాంటి తప్పులు వందల్లో చేరితే ఊరు ఊరంతా బాగా తింటున్నట్టే తేలుతుంది. గుడ్డు, పప్పు అవసరమైన ఊరు జాబితాలో వెనక్కి పోతుంది.

సమయమూ ముఖ్యమే. సంత మర్నాడు అడిగితే వచ్చే జవాబు, సంత ముందురోజు అడిగితే రాదు. మిరప కోతల్లో కూలి డబ్బులు చేతిలో ఉన్నప్పటి వంట, ఎండాకాలం వంట ఒకటి కావు. పక్కన అత్త కూర్చుని ఉంటే, అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిందే తిన్నానని ఏ కోడలు చెబుతుంది? ఇక పొలం గట్టున గుడిసె వేసుకున్న వలస కూలీలు ఇక్కడి జాబితాలో ఉండరు. సొంతూళ్లో తలుపుకు తాళం ఉంటుంది.

అలాగని సర్వేలే వద్దనలేం. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో రక్తహీనత ఉన్న ఆడవాళ్లు ఆంధ్రలో 58.8 శాతం, కర్ణాటకలో 47.8 శాతం. రక్తపరీక్షకు భాషతో పనిలేదు. కానీ కంచంలో ఏది తక్కువైందో ఆ పరీక్ష చెప్పదు. అది అడిగే తెలుసుకోవాలి. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరుకు, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి. గీత గీసినంత మాత్రాన పెళ్లి సంబంధాలు ఆగలేదు, కూలి పనులూ ఆగలేదు. గీతకు అటొక లెక్క, ఇటొక లెక్క తీస్తే మధ్యలో తిరిగే ఆడమనిషి రెంటికీ దక్కదు.

ఇందుకు కోట్లేమీ అక్కర్లేదు. సరిహద్దు తాలూకాల్లో ప్రశ్నపత్రం కన్నడం, తెలుగు రెండింట్లో ఉండాలి. వంటకం పేరు రాసుకుని ఊరుకోకుండా అందులో ఏమేం వేశారో అడగాలి. ఆమె ఇంటి గిన్నెతోనే కొలవాలి. ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి. కోతల కాలంలో ఒకసారి, పనుల్లేని రోజుల్లో ఒకసారి వెళ్లాలి. గుడిసెల దాకా నడవాలి. రెండు భాషలూ వచ్చిన ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు ఈ ఊళ్లలో దొరక్కపోరు, వారికి ఆ పని అప్పగించాలి.

గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీల్లో వేడి భోజనం పెట్టే మాతృపూర్ణ పథకాన్ని కర్ణాటక 2017లో తెచ్చింది. మంచి పథకమే. గట్టు మీది గుడిసెలో ఉన్న గర్భిణికి అది అందాలంటే ముందు ఆమె పేరు జాబితాకెక్కాలి. ఆ పని మిరప కోతలు మొదలయ్యే లోపే రెండు రాష్ట్రాల అధికారులూ కలిసి కూర్చుని తేల్చాలి.