సంపాదకత్వము – అభ్యసింపవలసిన విద్య

శాస్త్రపాండిత్యము గలవాడు పరిశోధన పత్రికకు సంపాదకుడు కాగలడను అభిప్రాయము మన ప్రాచ్యకళాశాలలలో స్థిరపడియున్నది. పాండిత్యము ఆవశ్యకమే కాని పర్యాప్తము కాదు. వ్యాసమును పరీక్షించుట, దిద్దుట, నిరాకరించుట అనునవి ఒకరి చెంత కూర్చుండి నేర్వవలసిన పనులు.

గ్రంథపరిష్కరణము తెలిసినవారికి ఇది సులభమని కొందరు తలంతురు. రెంటికిని భేదము కలదు. పూనా భండార్కర్ సంస్థవారి మహాభారత సంశోధిత ముద్రణము 1966 నాటికి పూర్తియైనది. అందు స్వీకృతపాఠము పైనను, పాఠాంతరములు అడుగునను ఉండుటచే సంపాదకుడేది గ్రహించెనో, ఏది విడిచెనో పాఠకునకు తెలియును. గ్రంథకర్తను అడుగ వీలులేదు గనుక అచట ప్రత్యంతరములే సాక్ష్యము. వ్యాసకర్త యన్ననో మన యెదుటనే యున్నాడు. అర్థము మారునట్టి సవరణ చేయదలచినచో అతనినే అడుగవలెను.

మొదట నేర్వవలసినది ఉదాహరణములను ఆకరముతో సరిచూచుట. కంఠస్థమైన శ్లోకమునైనను ముద్రిత ప్రతితో పోల్చవలెను. శ్లోకసంఖ్యలు ప్రతిని బట్టి మారును గనుక ఏ ప్రతియో తెలుపవలెను. ‘వాక్యార్థము’ అనుచోట థకారమునకు మారుగా ధకారము పడినచో వాక్యము యొక్క అర్థము కాస్తా వాక్యములో సగమగును. అవగ్రహము లోపించుట, పాత ఫాంటులనుండి యూనికోడునకు మార్చునపుడు సంయుక్తాక్షరములు చెదరుట నిత్యము చూచుచున్నవే. ఈ దోషములను డి.టి.పి. చేయువారిపై మోపుట న్యాయము కాదు.

రెండవది వ్యాసమును త్రిప్పి పంపు విధము. వాక్యార్థసభలో పూర్వపక్షమును ప్రతివాది ఒప్పుకొనునట్లు అనువదించిన పిమ్మటనే ఖండనము. పరిశీలకుని నివేదికకును ఇదే నియమము కావలెను. వ్యాసకర్త ప్రతిపాదన యేమో ముందు చెప్పి, అందు ఏ హేతువు నిలువదో తరువాత చూపవలెను. ‘ప్రచురణార్హము కాదు’ అను ఒక్కమాట నివేదిక కాదు. అట్టిదానిని సంపాదకుడు పరిశీలకునికే త్రిప్పి పంపవలెను.

2019లో వచ్చిన యు.జి.సి. కేర్ పట్టికలో పేరున్న చాలునను ధీమా కొంతకాలము సాగినది. 2025 ఫిబ్రవరిలో యు.జి.సి. ఆ పట్టికను విడిచిపెట్టినది. పత్రికల యోగ్యతను నిర్ణయించు భారము విద్యాసంస్థలపై పడినది. మన పరీక్ష నామమాత్రమైనచో పదోన్నతికై వ్యాసములు వ్రాయు యువ అధ్యాపకుల నిజమైన శ్రమయు శంకకు గురియగును.

కావున ప్రతి కళాశాలయు ఒక యువ అధ్యాపకుని కనీసము రెండు సంచికలపాటు సంపాదకుని చెంత ఉంచవలెను. వ్యాసము చేరిన దినము మొదలు కడపటి ప్రూఫు వరకు అన్ని దశలను అతడు చూడవలెను. నివేదికలు, ఉత్తరప్రత్యుత్తరములు భద్రపరచి తరువాతి వారికి అప్పగింపవలెను. ఈ పనికి బోధనగంటలలో తగ్గింపు ఇయ్యవలెను. ఉన్న అధ్యాపకులే చాలనపుడు ఇదెట్లు సాధ్యమని ప్రిన్సిపాళ్లు అడుగవచ్చును. సంపాదకుని పదవీవిరమణముతో పత్రికయు నిలిచిపోవుట కంటె వారమునకు రెండు మూడు గంటల నష్టము స్వల్పము. ఈ విషయమును విద్వాంసులు ఆలోచింతురు గాక.