అన్నయ్య కబుర్లు: సిద్ధమా?



మొన్న మా పక్కింటి అక్కా తమ్ముడూ దుప్పటి మడత పెట్టబోయారు. "నేనే పెడతాను" అని అక్క లాగింది. "కాదు, నేను" అని తమ్ముడు లాగాడు. దుప్పటి కాస్తా మట్టిలో పడింది. ఇద్దరికీ చీవాట్లు తప్పలేదు. "అక్క ఆగలేదు" అని వాడు ఒకటే ఏడుపు!

అప్పుడు వాళ్ళకు ఏనుగుల కథ చెప్పాను. మీరూ వినండి.

థాయిలాండు ఉత్తరభాగంలో లాంపాంగ్ అనేచోట ఏనుగుల కేంద్రం ఒకటి ఉంది. అక్కడ 12 ఏనుగులకు శాస్త్రజ్ఞులు ఒక పరీక్ష పెట్టి, ఆ సంగతి 2011లో ప్రకటించారు. జారే బల్ల మీద మొక్కజొన్న పెట్టి, అందనంత దూరాన ఉంచారు. బల్ల చుట్టూ ఒకటే తాడు. దాని రెండు కొసలూ రెండు ఏనుగుల వైపు. రెండూ ఒక్కసారి లాగితే బల్ల దగ్గరికి వస్తుంది. ఒక్కటే లాగిందా, తాడు జారి వచ్చేస్తుంది, బల్ల కదలదు!

తరువాత ఒకదాన్ని ముందు వదిలి, రెండోదాన్ని ఆలస్యంగా వదిలారు. ముందు వచ్చినది తొందరపడలేదు. తోడు వచ్చేదాకా, 45 సెకండ్లయినా సరే, ఆగింది!

ఒక గడుసు ఏనుగు మాత్రం తన కొసను కాలితో తొక్కిపెట్టి నిలుచుంది. లాగే శ్రమంతా రెండోదానిది, మొక్కజొన్న మాత్రం రెండింటికీ! నవ్వకండి, అటువంటి గడుసువాళ్ళు మనలోనూ ఉన్నారు.

ఏనుగుకు మన మాటలు రావు. మనకు వచ్చునే! "ఆగు, నేనూ వస్తున్నాను." "నువ్వు ఆ కొస పట్టుకో, నేను ఈ కొస పట్టుకుంటాను." "సిద్ధమా?" "ఇప్పుడు నీ వంతు." ఇక గడుసువాడితో, కోపం లేకుండా, "నేను లాగుతున్నాను, నువ్వూ లాగు" అంటే చాలు.

పెద్దలకు ఒక మనవి. "కలిసిమెలిసి ఉండండి" అంటే పసివాడికి ఏం చెయ్యాలో బోధపడదు. ఇద్దరు పట్టుకుంటే గాని జరగని పని ఒకటి అప్పగించండి. ఈ మాటలు ముందు మీరే వాడితో అనండి. రోజూ విన్నమాటే వాడి నోటికి వస్తుంది.

కథ అయ్యాక పిల్లలిద్దరూ దుప్పటి దులిపి మళ్ళీ పట్టుకున్నారు. "అక్కా, సిద్ధమా?" అన్నాడు తమ్ముడు. "ఉండరా, కొస దొరకలేదు" అంది అక్క. వాడు ఆగాడు. మడత కాస్త వంకరగానే వచ్చింది. కాని ఈసారి దుప్పటి కింద పడలేదు.

మరి ఇవాళ మీ ఇంట్లో రెండో కొస ఎవరు పట్టుకుంటారు?

— మీ అన్నయ్య