ముసలివాళ్ల ఇంటికి తాలీమున్న జిమ్మేదారు కావాలి

మన ఊళ్లలో నర్సింగ్ హోమ్ అంటే డాక్టరు గారి చిన్న దవాఖానా. అమెరికాలో నర్సింగ్ హోమ్ అంటే లేవలేని బుజుర్గులు, దీర్ఘరోగులు రాత్రింబగళ్లు నర్సుల ఖిద్మత్‌లో ఉండే ఇల్లు. ఆ ఇంటిని నడిపే అడ్మినిస్ట్రేటరుకు అక్కడ లైసెన్సు తప్పనిసరి. 1967లో సాంఘిక భద్రతా చట్టాన్ని సవరించి, మెడికెయిడ్ సొమ్ము కావాలంటే రాష్ట్రాలు ఈ లైసెన్సు పద్ధతి పెట్టాలన్నారు. లైసెన్సు కోసం జాతీయ స్థాయి ఇమ్తిహాన్ పాసవ్వాలి. చాలా రాష్ట్రాల్లో అనుభవమున్న అడ్మినిస్ట్రేటరు చేతికింద పనిచేసి తర్ఫీదు కూడా పొందాలి. రోగుల సంరక్షణ, సిబ్బంది, జమాఖర్చులు, అగ్నిప్రమాద జాగ్రత్తలు అన్నీ నేర్చుకోవాలి.

మరి మన వృద్ధాశ్రమాల సంగతి? 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షన్, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులు పట్టే ఆశ్రమాలను జిల్లాకు ఒకటి చొప్పున మొదలుపెట్టే సంగతి చెప్పింది. వాటిని నడిపేవాడు ఏం చదవాలో ఆ సెక్షన్‌లో ఒక్క మాట లేదు.

మా మేనత్త, మేం ఫుప్పూ అని పిలిచేవాళ్లం, ఒక ప్రైవేటు ఆశ్రమంలో ఉండేది. ఒకరోజు ఆమెకు షుగరు మాత్ర రెండుసార్లు వేశారు. పగటి ఆయా వేసిన సంగతి రాత్రి ఆయాకు తెలియదు. రాసుకునే రిజిస్టరే లేదు. మేనేజరు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అతని నియ్యత్ మంచిదే. డ్యూటీ మారేటప్పుడు మందుల లెక్క అప్పజెప్పించాలని అతనికి ఎవరూ నేర్పలేదు.

తాలీమ్ తప్పనిసరి చేస్తే ఖర్చు పెరిగి, ఖైరాత్ మీద నడిచే చిన్న ఆశ్రమాలు మూతపడతాయంటారు. ఆ భయం సబబే. అందుకే శిక్షణ ఖర్చు సర్కారే భరించాలి. ఇప్పటికే నడుపుతున్నవారికి గడువివ్వాలి. జిల్లా కేంద్రంలో ఆరునెలల కోర్సు పెట్టి, సగం రోజులు పాఠాలు, సగం రోజులు ఆసుపత్రిలో పని నేర్పాలి. పాఠమూ పరీక్షా తెలుగులోనే ఉండాలి. ఇంగ్లీషు రాదని ఖిద్మత్ చేసే మనిషిని బయటకు నెట్టకూడదు. గడువు దాటాక సనదు లేనివారికి అనుమతి మంజూరు చేయకూడదు.

లారీ తోలేవాణ్ణి లైసెన్సు అడుగుతాం. మందుల షాపులో ఫార్మసిస్టు ఉండాలంటాం. అమ్మానాన్నల్ని అప్పజెప్పేటప్పుడు మాత్రం నెలకు ఎంత అని అడిగి ఊరుకుంటున్నాం. ఈసారి వెళ్లినప్పుడు మందుల రిజిస్టరు కూడా చూపించమనండి. అది మీ హక్కు.